ఈదులబావి కేసు, నా రెండు చదువులు

ముందుగాల ఒక మాట ఒప్పుకుంట. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాదు. మా ఇంటి పిల్లి గురించి నేను చెప్తే విన్నోళ్లు తలుపులకు గడె పెట్టుకుంటరు. నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందని చెప్త. చెరువే తెగిన నాడు మా ఆవిడ నన్ను నోరు తెరవనియ్యక చాయ్ గిలాస చేతుల పెడుతది. ఆమె లెక్క ప్రకారం నా మాటను నాలుగుతోటి భాగించి, వచ్చిందాంట్ల సగం నమ్మాలె. ఆ భాగహారం ఏదో మీరే చేసుకోండ్రి. అయితే పెంచి చెప్పుడు వేరు, జరగనిది చెప్పుడు వేరు. మొదటిది నాకు అన్నం పెట్టిన వృత్తి. రెండోది ఈ అధ్యాయంల ఒక్క చోటనే చేసిన. ఏడ చేసిన్నో ఆఖరుకు నేనే చెప్త, మీరు దొరకబట్టే కష్టం లేకుండ.

పోయిన నెల మానుకోట నుంచి వీరేశం వచ్చిండు, బిడ్డ పెండ్లి పత్రిక పట్టుకొని. రైలు టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగ రాసినా మాకది మానుకోటనే. వాళ్లది ఆడ మిరపకాయల వ్యాపారం. వాళ్లింటికి పత్రిక ఇయ్యబోయినోడు తుమ్ముకుంట బయటపడుతడు, వీరేశం మటుకు పుట్టినకాణ్నుంచి ఒక్కసారి తుమ్మలేదు. హాస్టల్ల మేమిద్దరం రెండేండ్లు ఒకే గదిల ఉన్నం. భోజనాల కాడ మా బిడ్డతోటి అన్నడు, "మీ నాన్నంటే ఏమనుకున్నవమ్మా, పొద్దున చరిత్ర, మాపున చట్టం, రెండు చదువులు ఒక్కపారే మింగిండు." మా బిడ్డ ఇప్పుడు లా రెండో ఏడు. పళ్లెంల నుంచి తల ఎత్తి, "మరి ఏదీ అరగలేదేంది నాన్నా? కోర్టుకూ పోలేదు, పాఠమూ చెప్పలేదు. నలభై ఏండ్లు పత్రికలకు నవ్వులాటలు రాసుకుంట కూసున్నవు" అన్నది. వకీళ్ల ప్రశ్న చూడండ్రి, జవాబు తెలిసే అడుగుతరు. నేను ఎప్పుడూ చెప్పే కథే మళ్లీ చెప్పిన. వీరేశం మజ్జిగ పోసుకొని, ఉప్పు కలుపుకొని, కలిపిందే కలుపుకుంట కూసున్నడు. వాడు పోయినంక కూడ ఆ గిలాసల చెంచ తిరుగుతున్న చప్పుడు నాకు ఇనబడుతనే ఉన్నది. అందుకని కూసొని రాస్తున్న.

మాది జనగామ. తెలంగాణ కావాలని మొదటిసారి లొల్లి లేచిన ఏడు, అరవై తొమ్మిదిల, నాకు ఏడేండ్లు. ఆ ఏడంత బడులు బంద్. రోజు పలక చంకల పెట్టుకొని పోయేది, తాళం చూసేది, తాళానికి ఒక జై కొట్టి ఇంటికొచ్చేది. నా గొంతుకు టేషన్ల రైళ్లు ఆగినయని ఇప్పటికీ చెప్పుకుంట. భాగించుకోండ్రి. నాలాంటోళ్లను ఊరికే పై తరగతికి తోలిండ్రు, అందుకని ఎక్కాలల్ల పన్నెండో ఎక్కం నాకు ఈ జన్మకు రాలేదు. మా ఇల్లు ఊరి చివర, రైలు పట్టాల అవుతల. ఒకటే పెద్ద ఇల్లు, ఒకటే దర్వాజ. బాపు, బాపుకన్న ఆరేండ్ల పెద్ద మా పెద్దబాపు, ఇద్దరు ఒకే కంచంల తినేటంత దోస్తులు. ఒకరు దగ్గితే ఇంకొకరు గొంతు సవరించుకునేది. అట్లాంటోళ్లు, నాకు పదకొండేండ్లున్నప్పుడు, ఒక సోమవారం పొద్దుగాల లేచి ఒకరి మీద ఒకరు దావా వేసుకున్నరు. ఈదులబావి కింద మూడున్నర ఎకరాల చెలక ఎవరిదని. ముందుగాల్ల మాట తేడా లేదు, తిట్టుకున్నది లేదు. అవ్వను, అంటె మా అమ్మను, అడిగితే "మొగోళ్ల ముచ్చట మొగోళ్లకే తెల్వదు, నాకేం తెలుస్తది" అన్నది. వాకిట్ల నడుమెత్తు గోడ లేచింది. పొయ్యిలు రెండైనయి. గోడ మీదికెల్లి కూరగిన్నెలు మటుకు అటు ఇటు పోతనే ఉన్నయి. నడుమెత్తు కంటే ఎత్తు కడితే గిన్నెలు అందయని మేస్త్రికి చెప్పింది మా పెద్దవ్వనే.

పేషీ ఉన్న రోజు మా ఇంట్ల పండుగ కంటే ఎక్కువ. తెల్లారకముందే అవ్వ సర్వపిండి పెట్టేది. గిన్నె అడుగున పిండి ఒత్తి, దాంట్ల ఏలితోటి బొందలు పొడిచి, నూనె పోసి మూత పెడితే, పల్లీలు, నువ్వులు, కరేపాకు మాడీ మాడని వాసన పట్టాలు దాటి టేషన్ల టికెట్లిచ్చే ఆయన దాక పోయేది. ఆయన ఆ వాసన చూసే "ఈ రోజు ఈదులబావి పేషీ" అని మూడు టికెట్లు చింపి పెట్టేది. గోడ అవుతల పెద్దవ్వ పులిహోర కలిపేది. బాపు తెల్ల రుమాలు చుట్టుకునేది, పెద్దబాపు చుట్ట ముట్టించుకునేది, ఇద్దరు కలిసి పాసింజరు ఎక్కేది. మూడో టికెట్టు కొమ్మాలుది. కొమ్మాలు ఈదులబావి కాడ మోట కొట్టేటోడు, నాగలి దున్నేటోడు, కోసేటోడు, మోసేటోడు. పేషీ రోజు ఒక చేతుల అన్నం టిపిను, నెత్తి మీద కేసు కాగితాల రేకుపెట్టె. అన్నదమ్ములిద్దరు కిటికీ కాడ ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి కునికేది, కొమ్మాలు తలుపు కాడ పెట్టె మీద చెయ్యేసి కూసునేది. మా ఇంట్ల కుక్కను కూడ నాయిన అనో తల్లీ అనో వరస పెట్టి పిలిచేటోళ్లం గని, యాభై దాటిన కొమ్మాలును మాత్రం పాలపండ్లు ఊడని పిలగాండ్లు కూడ "ఓ కొమ్మాలూ" అనేది. ఆయన మమ్ముల పటేలా అనేది. పెద్దబాపు పెద్ద పటేలు, బాపు చిన్న పటేలు, నేను బుడ్డ పటేలు. నాకు మీసం వచ్చినా బుడ్డ పటేలునే.

వరంగల్ల దిగి కోర్టు గేటు కనబడంగనే పెద్దబాపు చుట్ట పారేసి, "ఇగ దూరం జరుగు తమ్మీ, కోర్టొచ్చింది" అనేది. బాపు నాలుగు గజాలు జరిగి మొఖం గంటు పెట్టుకునేది. మధ్యాహ్నం వాయిదా పడినంక ఇద్దరు కోర్టు ముంగట యాపచెట్టు కింద చేరేది.

"వదినె పులిహోర చేసిందానే?" అని బాపు.

"చేసింది గని, నా మీద గంత అబద్ధం చెప్పినంక పెట్టబుద్ధయితలేదుర."

"నువ్వు చెప్పిన అబద్ధం ముంగట నాదేపాటిదే? జర ఎక్కువ పెట్టు, పల్లీలున్న కాడ."

ఇగ కొమ్మాలు సాక్ష్యం చూడాలె. ఇద్దరికీ ఆయనే సాక్షి. ఈ ముచ్చట నేను చెప్తే నా బిడ్డతో సహ వకీళ్లందరు అట్ల కుదరదు అంటరు. కుదరదని మాకు తెల్వక కుదిరింది. జడ్జి కళ్లద్దాలు తీసి తుడుసుకొని, "నువ్వు ఎవరి మనిషివయ్యా?" అని అడిగితే, "ఇద్దరి మనిషినే సాబు. పొద్దుగాల పెద్ద పటేలుకు మోట కొడత, మాపటికి చిన్న పటేలుకు కొడత" అన్నడు.

"ఆ చెలక ఎవరు దున్నుతున్నరు?"

"నేనే సాబు. మా అయ్య దున్నిండు, నేను దున్నుతున్న."

"దున్నుడు కాదు. భూమి ఎవరిది?"

"అది మీరు చెప్పాలె గద సాబు. అది అడుగుదామనే గద మేమందరం రైలెక్కి వచ్చింది."

కోర్టంత నవ్విండ్రట. బాపు, పెద్దబాపు మటుకు నవ్వలేదట. అదెందుకో తర్వాత ఎప్పటికో నాకు తట్టింది.

నా డిగ్రీ అయినంక బాపు నన్ను అరుగు మీద కూసోబెట్టి హుకుం జారీ చేసిండు. "మన వకీలు సాబుకు చెవుడొచ్చింది. జడ్జి ఒకటి అడిగితే ఇంకోటి చెప్తుండు. నువ్వు లా చదువు."

"చదువుత బాపు. ఈదులబావి కేసు గెలిపిస్త."

బాపు నన్ను ఎట్ల చూసిండంటే, పండ్ల దుకాణంల పోయి చెప్పులు అడిగినోణ్ని చూసినట్టు చూసిండు. "గెలిపిచ్చుడెందుకురా? నడిపియ్యి. అది చాలు." గోడ అవుతల పెద్దబాపు కూడ దగ్గి ఒప్పుకున్నడు. అప్పుడు నేను నవ్విన. మా పెద్దోళ్లకు కేసు అంటే నెలకొక్క పారి రైలెక్కి పులిహోర తినే వంక అనుకున్న.

ఆ రోజులల్ల లా కాలేజి మాపటీలి నడిచేది, హనుమకొండల. పొద్దంత అది చిన్నపిల్లల బడి. మేము ఐదో తరగతి బల్లల మీద మోకాళ్లు గదుమకు తాకంగ కూసొని రాజ్యాంగం చదివినం. దానికి హాస్టల్ లేదు. యూనివర్సిటీల ఎమ్మే చదివెటోళ్లకు మాత్రం మంచం, ఫ్యాను, మెస్సుల నీళ్ల సాంబారు ఇస్తరు. ఒకేసారి రెండు కోర్సులు చదవొద్దని రూలు. కాని రూలు ఉన్న కాగితం ఒక ఆఫీసుల, మేము ఉన్న కాగితం ఇంకో ఆఫీసుల. అన్నిటికంటే పొట్టి వరుస ఏ సబ్జెక్టుకున్నదని చూసిన. చరిత్ర కాడ ఇద్దరు నిలబడ్డరు, అందుల ఒకడు నీళ్ల కుండ ఏడున్నదని అడగొచ్చినోడు. అట్ల నేను చరిత్రకారుణ్నయిన, మంచం కోసం. అసలు టీసీ యూనివర్సిటీకి ఇచ్చిన. లా కాలేజీకి ఏమియ్యాలె? మాకు సాక్ష్యం చట్టం చెప్పే సారే ప్రమాణ పత్రం రాసిచ్చిండు, టీసీని మేక తిన్నదని. "మేక రంగు కూడ రాయి, నమ్మకం కుదురుతది" అన్నడు. నల్ల మేక అని రాసి సంతకం చేసిన. నా వకీలు చదువు మొదలైందే గట్ల, దేవుని సాక్షిగ చెప్పిన అబద్ధంతోటి. ఆ మేక ఇప్పటికీ నా ఫైలుల బతికే ఉంటది.

మాపటి క్లాసుల నలభై మందిమి. సగం మంది ఆఫీసు గుమాస్తాలు, ప్రమోషను కోసం. ఒక కానిస్టేబులు అటెన్షన్ల కూసొని కండ్లు తెరిచే నిద్రపోయేటోడు, హాజరు పిలిస్తే నిద్రలనే సెల్యూట్ కొట్టేటోడు. భూపాలపల్లి అడవిల పని చేసే ఫారెస్టు గుమాస్తా ఒకాయన వారానికి ఒక్కసారి వచ్చేది, తేనె సీస పట్టుకొని. హాజరు పట్టీ రాసే ఆయన సీస ముంగట పెట్టుకొని ఏడు రోజులకు ఏడు టిక్కులు పెట్టేది. అప్పుడు భూపాలపల్లి అంటే ఆయన తేనె వాసనే మాకు. మిగిలిన రోజులల్ల నేను రాకుంటే వీరేశం, వాడు రాకుంటే నేను పలికేటోళ్లం. నల్లకోటు సారు కోర్టు దుమ్ము దులుపుకుంట వచ్చి, "చట్టం అంటే ఏం జరిగిందని కాదు, ఏం చూపిస్తివని" అనేది. పొద్దున యూనివర్సిటీల అన్వర్ సారు దానికి ఉల్టా. తెల్ల షేర్వాణి, నోట్ల పాను, క్లాసుల మేం ముగ్గురం. "మియా, రాజులు ఏం చేసిండ్రో రాజుల కవులు చెప్తరు. ప్రజలకేం జరిగిందో తాసీలు కాగితం చెప్తది. దాన్ని చదవ నేర్చుకోండ్రి" అని బోర్డు మీద అలీఫ్ బే తోటి మొదలుపెట్టి పాత సర్కారు లెక్కల రాత నేర్పిండు. నాకు ఉర్దూ మాట్లాడొస్తది గని రాత రాదు. ఆరు నెలలల్ల కుడి నుంచి ఎడమకు, ముసలోడు మెట్లు దిగినట్టు, ఒక్కొక్క అక్షరం పట్టుకొని దిగుడు నేర్చుకున్న. పొద్దున నిజం తవ్వాలె, మాపున నిజం పూడ్వాలె. నడిమిట్ల మెస్సుల అన్నం తినాలె.

అన్వర్ సారు ఒక రోజు ప్రతి ఒక్కరు ఇంటి నుంచి ఒక పాత సర్కారు కాగితం తెచ్చి చదివి చెప్పాలన్నడు. మా ఇంట్ల పెట్టెనిండ కాగితాలాయె. జనగామకు పోయి భోజనాల కాడ అడిగిన. బాపు నములుడు ఆపిండు.

"ఏ సారు అడిగిండు? చట్టం సారా?"

"కాదు బాపు, చరిత్ర సారు."

"నిన్ను చరిత్ర ఎవడు చదువుమన్నడురా?"

"హాస్టల్ కోసం. మంచం ఇస్తరు."

"మంచం కోసం చదివెటోడు మంచం మీద పండాలె. కాగితాల జోలికెందుకు?"

గోడ అవుతలికెల్లి పెద్దబాపు గొంతు లేచింది. "మీ బాపు చెప్పింది ఇను కొడుకా. తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు."

అవ్వ చేతుల గంటె ఆగింది. దావా పడ్డ పదేండ్లకు అన్నదమ్ములు ఒక్క మాట మీద నిలబడుడు అదే మొదలు. "వీళ్లిద్దరు ఒక్కటైండ్రంటే ఏదో ఉన్నది బిడ్డా" అని నా చెవుల చెప్పింది.

ఆ వానకాలంల మా చెవుడు వకీలు సాబు ఇంటి కప్పు కారింది. బొట్టు బొట్టుకు చెంబు పెట్టుకుంట పోతే ఇంట్ల చెంబులైపోయినయట. పేషీ కోసమని కేసు పెట్టె అప్పుడు ఆయన కాడనే ఉన్నది, అది తడుస్తదని, రెండొద్దులు పిలగాని హాస్టల్ల పెట్టమని బాపు కొమ్మాలుతోటి కబురంపిండు. నాకు ఆ పాత సర్కారు రాత చదవరాదనుకున్నడు పాపం. ఆదివారం పగటాల్ల కొమ్మాలు పెట్టె నెత్తిన పెట్టుకొని, అవ్వ ఇచ్చిన సర్వపిండి గుడ్డల కట్టుకొని వచ్చిండు. పెట్టె దించి, గోడకు ఒరిగి, నేల మీద కూసున్నడు.

"మంచం మీద కూసోరాదా?" అని వీరేశం అన్నడు. వ్యాపారస్తులకు గిరాకీని కూసోబెట్టుడు అలవాటు.

"వద్దు సేటూ, నాకు గిట్లనే మంచిగుంటది." మళ్ల నాతోటి, "పైలం బుడ్డ పటేలా. దీంట్ల మీ బాపుల పానాలున్నయి."

"తాళంచెవి ఎవరి కాడున్నది?"

"తాళం ఉత్తదే. గుంజితే ఊడొస్తది. పదేండ్ల సంది మోస్తున్న, నాకు తెల్వదా?" అని తానే గుంజి తీసిండు. సార్‌కు కాగితం కావాలన్న సంగతి చెప్పిన. ఆయన సంబురంగ ముంగటికి జరిగి, చేతులు ధోతికి తుడుసుకొని, కూరగాయలు ఏరినట్టు ఏరుకుంట, అడుగున ఉన్న ఒక ఎర్రబారిన కాగితం పైకి తీసిండు. "గిది తీస్కపో. ముద్ర పెద్దగున్నది. మీ సారు మెచ్చుకుంటడు."

ముద్ర ఉన్న కాగితం చింపితే వంశం నిలువదని మా పెద్దోళ్ల నమ్మకం. అన్నదమ్ములు భాగం తప్పించొచ్చు, కొలత తప్పించొచ్చు, సాక్ష్యం తప్పించొచ్చు, సర్కారు ముద్ర మీద మటుకు చెయ్యి వెయ్యరు. పొయ్యిల పెట్టేది పెట్టెల పెట్టుకుంటరు. పెట్టుకొని, ఆ పెట్టెను ఎవని నెత్తిన పెడతరో చూడండ్రి.

చదువుడు మొదలుపెట్టిన. అది పాత సర్కారు పోయినంక కౌలుదార్ల పేర్లు రాసుకున్న రిజిస్టరు నకలు. ఊరు మాదే. సర్వే నంబరు ఈదులబావిదే. ఇగ పేరు కాడికొచ్చి మెట్టు మెట్టుకు ఆగి దిగిన. కాఫ్. వావ్. మీమ్. కొమ్మాలు, తండ్రి మల్లయ్య. ఒకపారి కాదు, మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కిన. నా ముంగట కొమ్మాలు సర్వపిండి ఇరుసుకుంట కూసున్నడు. సరిగ్గ ముందటి గురువారం మాపటీలి నల్లకోటు సారు చెప్పిన పాఠం చెవుల గణగణ మోగింది. ఆ రిజిస్టరుల పేరున్న కౌలుదారునికి, భూమి చేతుల ఉంటే, పట్టా వస్తది. పదేండ్ల కింద సర్కారోళ్లు ఊరూరు తిరిగి ఇచ్చిండ్రు. కోర్టుల ఉన్న భూముల జోలికి మటుకు పోలేదు. పదేండ్ల కింద! మా అన్నదమ్ములు సోమవారం పొద్దుగాల లేచి దావా వేసుకున్నది ఎందుకో అప్పుడు సమజయింది. కేసు గెలుసుడెందుకురా, నడిపియ్యి అన్నది ఎందుకో సమజయింది. కొమ్మాలు దున్నిండని జడ్జి ముంగట చెప్తే వాళ్లు నవ్వకపోయింది ఎందుకో సమజయింది. చదవనేర్పింది పొద్దటి చదువు, అర్థం చెప్పింది మాపటి చదువు. నా రెండు డిగ్రీలు ఆ నిమిషంల పూర్తయినయి. తర్వాత ఇచ్చిన పట్టాలు ఉత్త కాగితాలు.

"ఏం రాసున్నది బుడ్డ పటేలా?" అని కొమ్మాలు అడిగిండు.

నేను మంచం మీదికెల్లి లేచిన. "కొమ్మాలూ, ఈదులబావి నీది" అన్న. గట్టిగనే అన్న. పక్క గదులోళ్లు తలుపులు తీసిండ్రు. కొమ్మాలు చేతుల ముక్క నేల పడ్డది. ఆయన లేచి, ధోతి దులుపుకొని, నా మంచం మీద నడిమిట్ల, పట్టాదారు తీర్గ, కాలు మీద కాలేసుకొని కూసున్నడు. వీరేశం నీళ్లిచ్చిండు. తెల్లారి పేషీల నేను, ఇంకా పాస్ గాని వకీలును, లేచి నిలబడి ఆ కాగితం జడ్జి ముంగట పెట్టి కుడి నుంచి ఎడమకు చదివిన. కోర్టుల డ్యూటీ మీదున్న మా క్లాసు కానిస్టేబులు నిద్ర లేచిండు. చెవుడు వకీలు సాబుకు ఇనబడ్డది. తిరుగు రైలుల కొమ్మాలు కిటికీ కాడ, అన్నదమ్ములు తలుపు కాడ. టేషన్ నుంచి ఇంటి దాక పెట్టెకు చెరో దిక్కు పట్టి మా బాపులే మోసిండ్రు, మొఖాలు గంటు పెట్టుకొని. బాపు నాతోటి ఏడాది మాట్లాడలేదు. సొంత బాపు మీద గెలిచినంక ఇగ ఎవని మీద గెలవాలె, అందుకే నల్లకోటు వేసుకోలేదు. ఇదీ నేను చెప్పే కథ. సన్మానాలల్ల చెప్పిన, రేడియోల చెప్పిన, పోయిన నెల పప్పన్నం కాడ నా బిడ్డకు మళ్ల చెప్పిన. కథ అయిపోంగనే ఆ పిల్ల చెయ్యి కడుక్కోకుండనే వచ్చి నన్ను పట్టుకున్నది.

ఇప్పుడు మూడు ఊళ్లూ పెద్దగైనయి. జనగామ జిల్లా, మానుకోట జిల్లా, ఆఖరుకు తేనె సీస భూపాలపల్లి కూడ బొగ్గు బాయిలు పడి జిల్లానే. మేము మాత్రం ఏడున్నోళ్లం ఆడనే, షుగరు గోలీలు మింగుకుంట. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని ఇప్పుడు సర్కారే పిలిచి చెప్తుంది, నల్ల మేకలకు పని లేదు. సర్వపిండి డబ్బాలల్ల అమ్ముతున్నరు, బొందలు యంత్రం పొడుస్తది, ఒకే కొలతల, వాసన లేదు. ఈదులబావి పూడింది. దాని మీద కాలనీ లేచింది, కమాను మీద పేరు, పేరు కింద నాలుగు సింహాలు. భూమి రికార్డులు కంప్యూటర్ల ఉన్నయట. అండ్ల పాతకాలం కౌలుదారు పేరు రాసే కాలమే లేదట. మా పెద్దోళ్లకు పన్నెండు పదమూడేండ్ల రైలు చార్జీలు పట్టిన పనిని ఇప్పటోళ్లు ఒక కాలం కొట్టేసి చేసిండ్రు. వెనకటోళ్లు దొంగతనం చేసినా సాక్ష్యం దాచిపెట్టేటంత మర్యాదస్తులు. ఇది మెచ్చుకోలు కాదు.

ఇగ మాట ప్రకారం. నల్ల మేక నిజం. తేనె సీస నిజం, కానిస్టేబులు సెల్యూట్ నిజం, గిన్నెలందే గోడ నిజం. జడ్జితోటి కొమ్మాలు అన్నది అక్షరం పొల్లుపోకుండ నిజం. నేను కల్పించింది ఒక్కటే, "ఈదులబావి నీది" అన్న మాట, దాని వెనక వచ్చిన గెలుపంతా. ఆ మాట నేను అనలేదు.

ఏం రాసున్నదని కొమ్మాలు అడిగితే, "ఏం లేదు, పాత సర్కారు ముచ్చట" అన్న. వీరేశం నా దిక్కు చూసిండు. వానికీ ఆ లిపి కొంచెం వస్తది. సార్‌కు వేరే కాగితం తీసుకుపోయిన, ఏదో బర్రె తప్పిపోయిన దరఖాస్తు. మంచి మార్కులొచ్చినయి. రెండొద్దులకు బాపు పెట్టె కోసం వచ్చి, "తెరిచినవా?" అని అడిగిండు. లేదన్న. బాపు ఊడిన తాళం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, మొదటిసారి నా భుజం మీద చెయ్యేసిండు. "తెరిచినా తెరువనట్టు ఉండెటోడే వకీలు కొడుకా. పాసైనట్టే నువ్వు."

నేను పరీక్ష పాసైన ఏడు, ఊరూరు తిరిగి పట్టాలిచ్చుడు సర్కారోళ్లు ఎప్పుడో మరిచినంక, అన్నదమ్ములు రాజీ పడ్డరు. ఈదులబావి చెరి సగం. రాజీ కాగితం రాసింది నేనే. నా జన్మల రాసిన ఒకే ఒక్క వకీలు కాగితం. నల్లకోటు వేసుకోకపోయింది గెలిచినందుకు కాదు. సాక్షి కింద కొమ్మాలును పిలిస్తే వచ్చి, నా ముంగట మోకాళ్ల మీద కూసొని, బొటనేలు ఇచ్చిండు. పట్టుకొని సిరాల అద్ది, నా చేతులతోనే ఒత్తిపిచ్చిన. ఆయన ఏలును ఎంటికలకు తుడుసుకొని, ముద్ర మంచిగ పడ్డదా అని వంగి చూసి నవ్విండు.

"ఇగ మన ఇంట్లనే వకీలున్నడు, మాకేం రంది. రేపు నాకేదన్న అక్కెరొస్తే నువ్వే నిలవడాలె బుడ్డ పటేలా."

"నిలవడత" అన్న.